దుప్పట్లమ్మ వెంట ఎవరు?

నా బంగారు తల్లికి,

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరాలేమిటని నీ గొణుగుడు. ఫోన్లో అయితే నా మాట సగంలోనే తుంచేస్తావు. కాగితం మీద నీకు ఆ వీలు లేదుగా!

ఇప్పుడు ఓ ఓడరేవు ఊళ్ళో ఉన్నాను. లాడ్జిలో పై అంతస్తు గది. కిటికీ తెరిస్తే క్రేన్ల రొద, మూస్తే పక్క గదివాడి గురక. గదిలో అడుగు పెట్టగానే నేను ముందు దుప్పటి అంచు ఎత్తి వాసన చూస్తానని నీకు తెలుసు. అన్నేళ్ళు ఆసుపత్రి లాండ్రీలో పనిచేసిన ముక్కు మరి. ఎండలో ఆరిందో, యంత్రంలో ఆరిందో, అసలు ఆరకుండానే మడత పెట్టేశారో ఇట్టే పట్టేస్తుంది. ఇక్కడిది ఆరని రకం. ఆ సంగతే ఫొటోతో సహా నా బ్లాగులో పెట్టాను.

మర్నాడు లాడ్జి యజమాని తలుపు తట్టాడు. తిట్టడానికే వచ్చాడనుకున్నాను. "అమ్మా, మేడ మీద తీగలు కట్టిస్తున్నాను. ఎటువైపు కడితే ఎండ బాగా తగులుతుందో కాస్త వచ్చి చెబుతారా?" అన్నాడు. మధ్యాహ్నమంతా మేడ మీదే గడిచింది.

పాఠకులు నాకు 'దుప్పట్లమ్మ' అని పేరు పెట్టేశారు. సముద్రాల గురించీ కోటల గురించీ అందరూ రాస్తారు, తిరిగి తిరిగి వచ్చి ఒళ్ళు వాల్చే పక్క గురించి మీరొక్కరే రాస్తున్నారని ఒకావిడ మెచ్చుకుంది. మీ నాన్న పోయాక ఆ ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక బయలుదేరాను. ఇప్పుడు గోడ వైపు చూడ్డానికే తీరిక లేదు.

మీ అత్తగారికి నమస్కారాలు చెప్పు.

ముద్దులతో,
అమ్మ

*

ప్రియమైన అమ్మకు,

నీ నమస్కారాలు అత్తయ్యకి చెప్పలేదు. చెబితే ఎక్కణ్ణించి రాసిందని అడుగుతారు. వియ్యపురాలు ఊరూరా తిరుగుతూ కుర్రకారుతో పాటు డార్మిటరీల్లో పడుకుంటోందని తెలిస్తే ఇంకేమైనా ఉందా? నువ్వు స్నేహితురాలింట్లో ఉన్నావని ఎప్పుడో చెప్పేశాను. ఇక ఆ మాట మీదే నిలబడాలి.

అయినా ఆవిడ పోయిన వారమే వాళ్ళ చెల్లెలి దగ్గరికి వెళ్ళారు. కొన్నాళ్ళు ఉంటారట. అనకూడదు గానీ, ఇల్లు హాయిగా ఉందమ్మా. నేను మడత పెట్టిన తువ్వాళ్ళు పెట్టినట్టే ఉంటున్నాయి. ఆవిడుంటే ప్రతిదీ విప్పి మళ్ళీ మడత పెడతారు. పల్లెత్తు మాట అనరు, అదే నా బాధ. తిడితే తిరిగి ఏదో ఒకటి అనొచ్చు కదా! మందుల షాపులో రోజంతా నిలబడి వచ్చి గరిట పట్టుకుంటే, వెనక నిలబడి చూస్తుంటారు. హెడ్మాస్టరమ్మగా రిటైరయ్యారన్న మాటే గానీ, మా వంటింట్లో ఇంకా పరీక్షలు జరుగుతూనే ఉన్నాయి.

నువ్వు మాత్రం జాగ్రత్త. ఆరని దుప్పట్లు కప్పుకుని జలుబు తెచ్చుకోకు.

నీ
పిచ్చి పిల్ల

*

అమ్మా,

నా ఉత్తరానికి జవాబు లేదు, ఫోన్ చేస్తే ఎత్తవు. బ్లాగులో మాత్రం కొత్త కబుర్లు వచ్చి పడుతున్నాయి.

ఆ కొండ ఊరి గురించి రాసింది రెండుసార్లు చదివాను. "మేము రోప్‌వే ఎక్కాము" అన్నావు. "మాకు కిటికీ పక్క బల్ల దొరికింది" అన్నావు. ఎవరమ్మా ఈ 'మేము'? మొన్నటిదాకా అన్నీ 'నేను' అనేగా రాశావు? ఫొటోలో బల్ల మీద రెండు కప్పులున్నాయి. రెండింట్లోంచీ ఆవిరి వస్తోంది.

ఆయనకి చూపిస్తే, "మీ అమ్మగారికి పేరొచ్చిందిగా, తనని తాను బహువచనంలో పిలుచుకుంటున్నారేమో" అని నవ్వేశారు. నాకు నవ్వు రాలేదు. దారిలో కలిసినవాళ్ళు అందరూ మంచివాళ్ళే కారు. నువ్వసలే నాలుగు తియ్యటి మాటలకి కరిగిపోయే మనిషివి. నువ్వు దిగిన చోటు పేరు బ్లాగులో చూసి ఇది అక్కడికే పంపుతున్నాను. వెంటనే జవాబు రాయి.

నీ కూతురు

*

తల్లీ,

క్షేమం. నీ అనుమానం నిజమే, నాకు తోడు దొరికింది.

ఎవరని అడగకు, చెప్పనని మాటిచ్చాను. ఒకటి మాత్రం చెబుతాను. ఇన్నాళ్ళూ ఏదైనా బాగున్నది చూస్తే, పక్కకి తిరిగి "చూశావా?" అందామంటే గాలి తప్ప ఎవరూ ఉండేవారు కాదు. ఇప్పుడు ఉన్నారు. రాత్రి గురక పెడితే భుజం మీద తడతాను, ఆగిపోతుంది. పొద్దున్నే నాకంటే ముందు లేచి నా చెప్పులు తుడిచి పెడుతుంటే నాకే సిగ్గేస్తోంది.

బెంగపడకు.

అమ్మ

*

ప్రియమైన అమ్మకు,

నీకు రాసిన ఉత్తరాలు కొన్ని చింపేశాను. అన్నీ కోపంతో రాసినవే. ఇది పంపుతున్నాను.

మొన్న షాపుకి ఒక పెద్దాయన భార్యతో వచ్చాడు. ఆవిడ బెంచీ మీద కూర్చుంది. ఆయన మందుల సంచీ విప్పి, ఏది తిన్నాక వేసుకోవాలో, ఏది తినకముందు వేసుకోవాలో చదివి వినిపిస్తున్నాడు. ఆవిడ వింటున్నట్టే ఉంది గానీ, చెయ్యి చాచి ఆయన కాలరు సరిచేస్తోంది. నాకు నువ్వు గుర్తొచ్చావు. నాన్న పోయాక నీకు జ్వరమొస్తే నుదుటి మీద చెయ్యి వేసి చూసినవాళ్ళెవరు? నేను ఫోన్లో "మాత్ర వేసుకో" అన్నానంతే.

ఆ మనిషిని వెంటబెట్టుకుని మా ఇంటికి రా. పేరూ ఊరూ ఏమీ అడగను. నిన్ను బాగా చూసుకుంటే చాలు. అత్తయ్య ఏమంటారోనని వెనకాడకు. ఆవిడకి నేనే చెబుతాను, "ఇది మా అమ్మ ఇష్టమండీ, ఇందులో మీరు అనడానికేమీ లేదు" అని. ఈ మాట రాస్తుంటేనే చెయ్యి వణుకుతోంది. అయినా సరే, చెబుతాను.

నీ
కూతురు

*

నా బంగారు తల్లికి,

నీ ఉత్తరం వచ్చేసరికి నేను తలంటుకుంటున్నాను. చేతుల నిండా నురగ. "కాస్త చదివి పెట్టండి వదినగారూ" అని స్నానాల గదిలోంచి కేకేశాను.

అర్థమైందా? నా తోడు మీ అత్తగారే!

ఆవిడ చదవడం మొదలుపెట్టింది. పిల్లలకి పాఠం చదివి వినిపించినట్టు, కామా దగ్గర కామా, ఫుల్‌స్టాప్ దగ్గర ఫుల్‌స్టాప్. "ఇందులో మీరు అనడానికేమీ లేదు" అనేదాకా వచ్చి ఆగింది. మిగతాది తనలో తనే చదువుకున్నట్టుంది. నేను తువ్వాలు చుట్టుకుని బయటికొచ్చేసరికి బాల్కనీలో అటు తిరిగి నిలబడి ఉంది.

"వదినగారూ, అమ్మాయికి నేనంటే చెయ్యి వణికేంత భయమా?" అంది.

తువ్వాళ్ళ సంగతి చెప్పేశాను. ఆవిడ, "బళ్ళో అందరివీ దిద్దీ దిద్దీ నా చేతులకి అదొక్కటే వచ్చు. ఇంట్లో అది బాధపెడుతోందని ఎవరూ చెప్పలేదే" అంది. ఆ 'చెప్పలేదే'లో నింద లేదమ్మా, ఆశ్చర్యమే.

అసలు జరిగిందేమిటంటే, చెల్లెలి ఇంటి నిండా మనవలూ వాళ్ళ గోలానట. రెండు రోజుల్లో విసుగెత్తింది. ఏడాదిగా తన గది తలుపు వేసుకుని నా బ్లాగు చదువుతోందట మహాతల్లి! నేను స్నేహితురాలింట్లో ఉన్నానని నువ్వు చెప్పిన రోజున, నేను ఏ లాడ్జిలో ఏ దుప్పటి కప్పుకున్నానో కూడా ఆవిడకి తెలుసు. కొండ ఊళ్ళో నేను దిగిన చోటికి చిన్న పెట్టె పట్టుకుని వచ్చేసింది. నేను నోరెళ్ళబెట్టాను. "రాతలో తప్పులు చాలా ఉన్నాయి వదినగారూ, దిద్దుదామని వచ్చాను" అంది. కాసేపయ్యాక, "నాక్కూడా ఊళ్ళు చూడాలనుంది" అని మెల్లిగా అంది. కొడుక్కి తెలిస్తే మర్నాడే కారేసుకొచ్చి తీసుకుపోతాడని నాచేత ఒట్టు వేయించుకుంది. ఇవాళ ఆవిడే, "ఒట్టు తీసి గట్టున పెట్టండి, అమ్మాయికి రాయండి" అంది. మీ ఆయనకి నువ్వే నెమ్మదిగా చెప్పు.

నెలాఖరుకి ఇద్దరం వస్తాం. నాలుగు రోజులుండి మళ్ళీ బయలుదేరతాం. నీకు సెలవు దొరికితే మాతో రా.

నా కోసం నువ్వు గట్టిగా నిలబడ్డావు చూడు, ఆ మాట మీ నాన్న వినాల్సింది.

ఈ కింద కాస్త చోటు వదలమంది మీ అత్తగారు. వదిలాను.

నీ అమ్మ

అమ్మాయీ, నీ ఉత్తరం మొత్తం చదివాను. ఒక్క తప్పు కూడా లేదు. — అత్తయ్య