మీ నడికట్టు విప్పేశాను

అత్తయ్యా,

పొయ్యి మీద షోర్బా చారు ఉంది, మీ అబ్బాయి రాగానే వేడిచేసి పెట్టండి. మీరు స్నానాలకు హమ్మాముకు వెళ్తూ బయట వేసిన తాళం పక్కింటి జకియా తీసింది. మా అక్కతో ఆసుపత్రికి వెళ్తున్నాను.

మీరు నాకు కట్టిన నడికట్టు విప్పితే బొడ్డు దగ్గర, ఆపరేషన్‌కి గొట్టం దూర్చిన చోట, కోడిగుడ్డంత ఉబ్బు ఉంది. "శనగగింజంత రంధ్రంలోంచి ఏమొస్తుందే" అన్నారుగా. పేగు వచ్చి ఇరుక్కుందేమో, అరుదే అయినా వెంటనే రమ్మంది ఫోన్‌లో డాక్టరమ్మ. ఇరుక్కోవడం నాకు కొత్తేం కాదు.

నాకు గర్భసంచిలో గడ్డలు తీశారు, నేను బిడ్డను కనలేదు. అయినా బాలింతలా గదిలో పెట్టి, నొప్పన్నప్పుడల్లా ఇంకాస్త బిగించారు. బాలింతలకు పెట్టే నువ్వుల లేహ్యమని మీరు చేసిన జ్రీర్ ముట్టలేదు, కన్నవాళ్లెవరికైనా పెట్టండి.

రౌదా

ముడి ఎంతకీ ఊడలేదు. మీ అబ్బాయిని కన్నప్పుడు మీరు కట్టుకున్న గుడ్డ కదా, కత్తెర వెయ్యబుద్ధి కాలేదు. గోళ్లతోనే విప్పాను.