ఆటో స్టాప్ లేని సెట్టు

జూన్ 3, సోమవారం

ఓనర్ గారు ఇవాళ నన్ను క్యాబిన్‌లోకి పిలిచారు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ కళ్లద్దాల షాపు వెనక గదిలో గోడవైపు తిరిగి కూర్చుని లెన్సులు అరగదీస్తున్నాను. పిలిచారంటే ఎవరి ఫ్రేమో విరగ్గొట్టి ఉంటాననుకున్నాను. కాదు. వేరే ఊళ్లో ఇంకో షాపు తెరుస్తున్నారట. అక్కడి గ్రైండింగ్ పనంతా నన్నే చూసుకోమన్నారు. షాపు పైనే గది ఇస్తారట. రెండు కిటికీలున్నాయమ్మా అన్నారు. పదిహేనో తేదీ, శనివారం, వెళ్తానో లేదో చెప్పాలి.

రెండు కిటికీలు! నా గదికి ఒక్కటి కూడా లేదు. దాన్ని గది అనడం కూడా మర్యాదకే. తమ్ముడు హాలుకు అడ్డంగా ప్లైవుడ్ కొట్టించి ఇచ్చిన ముక్క అది. మంచం మడిస్తే గాని బీరువా తలుపు తెరుచుకోదు. మిగిలిన చోటంతా మా స్టీరియో సెట్టుది.

ఇంట్లో చెప్పలేదు. క్యాసెట్ పెట్టుకుని పక్కన కూర్చున్నాను.

జూన్ 4

ఇవాళా చెప్పలేదు.

జూన్ 6, గురువారం

చెప్పేశాను. అన్నాల దగ్గర.

తమ్ముడు చెయ్యి కడుక్కున్నాడు. తర్వాత నుదురు నొక్కుకున్నాడు. తర్వాత వచ్చి నా మంచం మీద కూర్చుని, కాస్త తల తిరుగుతోంది అక్కా అన్నాడు. మరదలు గిన్నెలు తీస్తూ, మీకు తల తిరగడానికి టైమ్ భలే కుదురుతుందండీ అంది. నాకు నవ్వొచ్చింది. వెంటనే నా మీద నాకే ఒళ్లు మండింది. వాడికి చిన్నప్పటినుంచీ ఫిట్స్ వచ్చేవి. నవ్వే విషయమా అది?

అమ్మ ఉన్నంతకాలం ఈ ఇంట్లో రెండు చట్టాలు నడిచాయి. ఒకటి, తమ్ముడి పక్కన ఎవరో ఒకరు ఉండాలి. రెండు, సెట్టు పక్కన ఎవరో ఒకరు ఉండాలి. రెండోదానికి కారణం సెట్టు కొన్న షాపు సేల్స్‌మన్. మా సెట్టుకి ఆటో స్టాప్ లేదు, టేపు అయిపోతే మీట దానంతటదే ఎగరదు. ఆ సదుపాయం ఉన్న మోడల్ ధర మాకు అందలేదు. టేపు అయిపోయిన నిమిషంలోపు స్టాప్ నొక్కాలి, లేదా మోటారు కాలిపోతుంది, గ్యారంటీ వర్తించదు అని వాడు వేలు చూపించి మరీ చెప్పాడు. అమ్మకది వేదవాక్కు. ఎవరో ఒకరు అంటే ఎవరు? నేనే. రెండిటికీ.

అమ్మ పోయి తొమ్మిదేళ్లు. చట్టాలు మాత్రం అలాగే ఉన్నాయి.

జూన్ 8, శనివారం

తమ్ముడు ఇవాళ షాపుకి మూడుసార్లు ఫోన్ చేశాడు. ఎప్పుడొస్తావు అని ఒకసారి. బయల్దేరావా అని ఒకసారి. మూడోసారి, నువ్వు వెళ్లక్కా, నాదేముంది, ఎలాగోలా గడిచిపోతుంది అన్నాడు. ఈ ‘నాదేముంది’ ఉంది చూశారూ, దీనికంటే తాళం వేసి కూర్చోబెట్టడం నయం.

‘చూశారూ’ అని ఎవరిని అడుగుతున్నానో! ఈ పుస్తకం చదివేవాళ్లు ఎవరున్నారు గనక.

జూన్ 9, ఆదివారం

సెట్టు పాట సాగదీస్తోంది. ఆడగొంతు మగగొంతైపోయింది. లోపల బెల్టు సాగి ఉంటుంది. మంగళవారం వస్తానని మెకానిక్ కబురు పెట్టాడు.

పాట లేని ఆదివారం. కూర్చుని దాన్నే చూస్తున్నాను. నా మొదటి జీతంతో కొన్నాను. తమ్ముడికి పదహారు. షాపు అద్దాల వెనక నాలుగు పెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటే, చెరో రెండు మోసుకొద్దాం అక్కా అని ప్లాను వేశాడు. తీరా చూస్తే అంతా ఒకే ప్లాస్టిక్ ఒళ్లు! పెట్టెల మధ్య సందుల్లా కనిపించేవి గీతలు. సేల్స్‌మన్ నవ్వాడు. వాడి నవ్వు చూసి మేమూ నవ్వేశాం, ముందే తెలిసినట్టు.

అట్టపెట్టె మీద రెండు వేల వాట్స్ అని ఎర్రక్షరాలు. అమ్మ భయపడిపోయి, మీటరు కాలిపోతుందేమో కరెంటాఫీసులో కనుక్కోండర్రా అంది. ఈక్వలైజర్ మీటలు ఎవరికీ అర్థం కాలేదు. తమ్ముడు వాటిని రెండు చివరలా పైకి, మధ్యలో కిందికి పెట్టాడు, నవ్వుతున్న నోటిలా. ఇవాళ్టికీ అలాగే ఉన్నాయి. పాటకి ఎర్రలైట్లు ఎగురుతుంటే పక్కింటివాళ్లు గుమ్మంలో నిలబడి చూసేవాళ్లు. తమ్ముడు గంతులేసేవాడు. ఆ గంతులో ఎక్కడ పడిపోతాడోనని అమ్మ, టేపు ఎక్కడ అయిపోతుందోనని నేను. పాట విన్నది పక్కింటివాళ్లే.

అయినా నిజం రాయాలి. నా జన్మలో అంత సంతోషం మళ్లీ లేదు.

జూన్ 11, మంగళవారం

మెకానిక్ వచ్చాడు. ముసలాయన, నోట్లో స్క్రూలు పెట్టుకుని మాట్లాడతాడు. బెల్టు పది నిమిషాల్లో మార్చాడు. స్పీకర్లో బరబర వస్తోందంటే దాని ముందు జాలీ ఊడదీశాడు. ఒక్కో డబ్బాలో మూడు గుండ్రాలు ఉంటాయి కదా, పెద్దది, మధ్యది, చిన్నది. చిన్నవి రెండూ ఉత్తుత్తివేనమ్మా అన్నాడు. వాటికి వైరే లేదు. ప్లాస్టిక్ బిళ్లలు, అందానికి అతికించారు.

ముప్పై ఒక్క ఏళ్లుగా నేను వేణువు వినడానికి ఆ చిన్నదాని దగ్గర చెవి పెడుతున్నాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నవ్వాను.

అసలుది తర్వాత. బెల్టు ఎలా ఉందో చూడడానికి ఆయన ఒక క్యాసెట్‌ని చివరిదాకా తిప్పి పెట్టాడు. టేపు అయిపోయింది. మీట ఎగరలేదు. ఆయన తాపీగా స్క్రూలు ఏరుకుంటున్నాడు. నేను కాలుగాలిన పిల్లిలా లేచి స్టాప్ నొక్కబోయాను. ఎందుకమ్మా కంగారు అన్నాడు. మోటారు కాలిపోదూ అన్నాను. ఎవడు చెప్పాడు, లోపల క్లచ్ ఉంటుంది, టేపు ఆగితే అది జారుతుంది, మోటారు ఊరికే తిరుగుతుంది, పొద్దుగూకేదాకా తిరిగినా దానికేం కాదు అన్నాడు. కావాలంటే చూడమని ఇంకో అరగంట అలాగే ఉంచాడు. తిరిగింది. వేడి కూడా ఎక్కలేదు.

ఒకతను గుర్తొచ్చాడు. నాకు ఇరవై ఎనిమిది అప్పుడు. పక్క షాపులో గడియారాలు బాగుచేసేవాడు. నాతో ఒక మాట చెప్పాలని ఇంటికొచ్చాడు. మీతో ఒక సంగతి, అని మొదలుపెట్టాడో లేదో టేపు చివరికొచ్చింది. ఒక్క నిమిషమండీ అని లేచి వెళ్లి నొక్కి వచ్చాను. వచ్చేసరికి అతను అమ్మతో ఎండల గురించి మాట్లాడుతున్నాడు. ఆ సంగతేమిటో మళ్లీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

వాడెవడో సేల్స్‌మన్, నోటికొచ్చింది ఒక ముక్క అన్నాడు. అంతే.

జూన్ 12, బుధవారం

తమ్ముడికి చెప్పాను. నమ్మలేదు. మెకానిక్ గాళ్లకేం తెలుసు, మనం జాగ్రత్తగా నొక్కాం కాబట్టే ఇన్నాళ్లూ బతికింది అన్నాడు. అంటూండగానే సైడ్ అయిపోయింది, పరుగున వచ్చి నొక్కాడు. నలభై ఏడేళ్ల మనిషి, పొట్ట వేసుకుని.

అప్పుడు అడిగాను, నీకు ఫిట్స్ చివరిసారి ఎప్పుడొచ్చాయిరా అని. ఇరవై మూడేళ్లయింది అన్నాడు. పెళ్లికి ముందే డాక్టర్ మాత్రలు ఆపేశాడు. మరి? అన్నాను. చాలాసేపు మీటలు తుడిచాడు. పక్కన నువ్వు లేకుండా నేనెప్పుడూ లేను కదక్కా, భయమేస్తోంది అన్నాడు.

నేను కోప్పడాల్సింది. కోప్పడలేదు. ఎందుకంటే నాకూ భయమే. కాపలా లేకపోతే నేనేం చెయ్యాలి? రెండు కిటికీలు తెరుచుకుని వాటి మధ్య కూర్చుని ఏం చూడాలి?

జూన్ 13, గురువారం

మరదలు ఉతికిన బట్టలు ఇవ్వడానికి వచ్చి వెళ్లలేదు. నిలబడింది. ఏమిటమ్మా అన్నాను. ఆయన నన్ను మీ దగ్గరికి వెళ్లి అడుక్కోమన్నారు, ఉండమని, అంది. తర్వాత గొంతు తగ్గించి, నేను మాత్రం అడగను వదినా అంది. ఇరవై ఏళ్లయింది నేనొచ్చి, ఆయనకి జ్వరమొస్తే మీరే, పీడకలొస్తే మీరే, మీరున్నంతకాలం నేనీ ఇంటికి చుట్టాన్నే అంది. అనేసి గభాలున ఏడ్చింది. నా భుజం మీదే.

ప్లైవుడ్‌కి అవతల తమ్ముడు దగ్గాడు. ఇద్దరం చప్పున విడిపడ్డాం. వినపడనిది ఏముంటుంది ఈ కొంపలో.

జూన్ 14, శుక్రవారం

రేపే. వెళ్లలేననే అనిపిస్తోంది.

జూన్ 15, శనివారం, 10.40. షాపులో

తొమ్మిదింటికి సైడ్ బి పెట్టాను. తమ్ముడు గడ్డం గీసుకుంటున్నాడు. చెప్పులేసుకుని, పాట మధ్యలో, గడప దాటాను.

ఓనర్ గారికి సరేనన్నాను.

ఇప్పుడే తమ్ముడు ఫోన్ చేశాడు. టేపు ఎప్పుడో అయిపోయిందక్కా, ఇంకా తిరుగుతూనే ఉంది అన్నాడు. నేను దాని పక్కనే కూర్చున్నాను అన్నాడు. నొక్కనా అని అడిగాడు.

నీ ఇష్టంరా అన్నాను.