కొండ ఎవరి పక్షం

అమ్మకు నీ కూతురి నమస్కారాలు.

ఇక్కడ నాన్నా నేనూ ఒకరితో ఒకరం రోజూ వాదించుకునేంత ఆరోగ్యంగా ఉన్నాం. అక్కడ నువ్వూ కులాసాగానే ఉన్నావని నీ చేతిరాతే చెప్పింది. ఎడమచేత్తో ఒత్తిపట్టి రాసిన నీ అక్షరాలు ఈసారి కాగితం అవతలి వైపుకూ కనబడుతున్నాయి. రేవులో క్రేను నడిపే మనిషి కలం పట్టుకున్నా బరువెత్తుతున్నట్టే పట్టుకుంటుంది కాబోలు. ఫోనులో నువ్వు నన్ను ఒక్క వాక్యమూ పూర్తి చేయనివ్వవు కనుక, మనిద్దరికీ ఉత్తరమే న్యాయమైన వేదిక.

నువ్వు నాలుగు ప్రశ్నలడిగావు. తేలికైనవాటికి ముందు జవాబు చెబుతాను. కష్టమైనదాన్ని చివరకు ఉంచడం నా ఎత్తుగడ అంటావేమో. ఈ ఒక్కసారికి అది ఎత్తుగడ కాదు, జంకు.

నాన్న బాగున్నాడు. కళ్ళజోళ్ళ దుకాణానికి కొత్త బోర్డు పెట్టించి, దాని మీద 'మీ చూపు మా బాధ్యత' అని రాయించాడు. ఒకరి చూపుకు ఇంకొకరు బాధ్యులెలా అవుతారని అడిగినందుకు రెండు పూటలు నాతో మాట్లాడలేదు. తర్వాత తనే వచ్చి, "బోర్డు మార్చను, నీ అభిప్రాయం మార్చుకో" అన్నాడు. వంట వంతులవారీగా సాగుతోంది. నా వంతు వచ్చిన రోజు ఆయనకు దుకాణంలో పని ఎక్కువగా ఉంటోంది.

లైబ్రేరియన్‌కు క్షమాపణ చెప్పావా అని అడిగావు. చెప్పాను. ఆ క్షమాపణలో మూడు షరతులున్న సంగతి ఆయన గమనించలేదు.

ఇక మూడోది. 'మీ కాలేజీ మైదానం నిజంగా డిస్క్ గోల్ఫు ఛాంపియన్‌షిప్‌కు తగినదేనా, లేక మీ వాళ్ళ డప్పా?' అన్నావు. నువ్వింత నిక్కచ్చిగా ఎందుకడిగావో నాకు తెలుసు. ప్రధాన కప్పు రెండుసార్లు నీ చేతిదాకా వచ్చి, ఒక్క విసురు తేడాలో జారిపోయింది. వచ్చే ఏడాది నుంచి వయసు లెక్కన నిన్ను సీనియర్ల విభాగంలో వేస్తారు. అంటే నీకిది ఆఖరి అవకాశం. ఆ అవకాశాన్ని ఒక పనికిమాలిన మైదానం పాడుచేయకూడదని నీ ఆత్రం. కాబట్టి ఈ జవాబును తూకం వేసి చెబుతున్నాను: తగినదే. మొదట కాదు, ఇప్పుడు.

మైదానం కమిటీలో నన్ను విద్యార్థుల తరఫున వేశారని చెప్పాను కదా. మొదటి సమావేశానికి ప్రిన్సిపాల్ కూడా వచ్చారు. "పళ్ళేలు విసురుకునే ఆటకు ఇంతమంది పెద్దమనుషులెందుకమ్మా?" అన్నారు. గోల్ఫులో బంతి, గుంట ఉంటాయి. డిస్క్ గోల్ఫులో చేతిలో డిస్కు, ఎదురుగా గొలుసులు వేలాడే ఇనుప బుట్ట. విసిరే తిన్నె నుంచి బుట్టదాకా ఒక హోల్. అలాంటి పద్దెనిమిదింటినీ తక్కువ విసుర్లలో ముగించినవారిదే గెలుపు. ఇంత చెప్పాక ఆయన, "అదే కదా నేనన్నది" అని లేచి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళం పనిలో పడ్డాం.

మా అధ్యక్షులు వృక్షశాస్త్రం మాస్టారు. ఆయన షరతు ఒక్కటే, చెట్టు మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. టేపు పట్టుకు తిరిగే సివిల్ ఇంజినీరింగ్ కుర్రాణ్ణి అందరం కొలబద్ద అంటాం. వీళ్ళు కాక, వాదన పోటీల్లో నాకు ఆగర్భశత్రువైన సీనియర్ ఒకడున్నాడు. అతణ్ణి కాలేజీ మొత్తం అభ్యంతరం అనే పిలుస్తుంది, పలుకుతాడు కూడా.

మా వాళ్ళందరికీ గర్వకారణం హాస్టల్ వెనుక ఎత్తుకు ఎక్కే పొడవాటి హోల్. దాని ముద్దుపేరు రాక్షసి. ప్రయోగానికి ఒక రోజు ఆటలు పెట్టి చూస్తే, కాలేజీలోకెల్లా మంచి ఆటగాడికీ అయిదు విసుర్లే పట్టాయి, డిస్కు పట్టడం అప్పుడే నేర్చుకున్నవాడికీ అయిదే పట్టాయి. నేను దాన్ని మార్చాల్సిందేనన్నాను.

"అంత కష్టమైన హోల్ చుట్టుపక్కల ఎక్కడా లేదు. తీసేస్తే కాలేజీ పరువేం కాను?" అన్నాడు అభ్యంతరం.

"అందరికీ ఒకటే మార్కు తెచ్చే ప్రశ్న ఎంత కష్టమైనదైతే ఏం, అది అడగనట్టే లెక్క. పరువు కోసం అడిగే ప్రశ్నలు పరీక్షలో ఉండకూడదు."

"అయితే తేలిక చేసేద్దామా?"

"తేడా తెలిసేలా చేద్దాం."

బుట్టను ఎత్తు మీద నుంచి సగానికి దింపాం. ఇప్పుడు బాగా విసిరినవాళ్ళకు మూడు, ఓ మోస్తరుగా విసిరినవాళ్ళకు నాలుగు, ఆదమరచి విసిరినవాళ్ళకు అయిదు పడుతున్నాయి. వాదన పోటీకి అంశం ఎంచేటప్పుడు మేం చూసేదీ ఇదే. అంశం బరువుగా ఉంటే చాలదు, దాని మీద మాట్లాడినవారిలో ఎవరు సమర్థులో బయటపడాలి.

మాస్టారి వనంలో ఉన్న హోల్ తెగులు దీనికి సరిగ్గా వ్యతిరేకం. అక్కడ చెట్లు దువ్వెన పళ్ళలా ఉన్నాయి. గురిచూసి విసిరిన డిస్కు కాండానికి తగిలి వెనక్కి వచ్చేది. గాలికి వదిలినది ఎలాగో దూరి అవతల తేలేది. దాన్ని లాటరీ అన్నాను. "కొమ్మ మీద గొడ్డలి పడిందంటే నా రాజీనామా నీ చేతిలో పెడతా" అన్నారు మాస్టారు. గొడ్డలి అక్కర్లేకపోయింది. విసిరే తిన్నెను కాస్త పక్కకు జరిపేసరికి, రెండు చెట్ల మధ్య తలుపంత సందు కనిపించింది. తలుపు కనబడుతూ ఉండగా గోడను గుద్దుకున్నవాళ్ళు చెట్టును తిట్టలేరు. ఆ సాయంత్రం మాస్టారు నాకు తన డబ్బాలోని బిస్కెట్ ఇచ్చారు. ఆయన ఎవరికైనా ఏదైనా ఇవ్వడం చూసినవాళ్ళు లేరట.

చెరువు పక్కన ఇంతకుముందు ఒకటే దారి, నీళ్ళ మీదుగా. ఇప్పుడు గట్టు వెంబడి ఇంకొకటి ఉంది, ఒక విసురు ఎక్కువ పడుతుంది. తెగించినవారికి లాభం ఉంది, తెగింపు బెడిసికొడితే నష్టమూ ఉంది. ఏది కావాలో ఆటగాళ్ళే తేల్చుకుంటారు. సైకిళ్ళు వెళ్ళే బాటకు అడ్డంగా విసరాల్సిన హోల్‌ను మాత్రం ఏ వాదనా లేకుండా మార్చేశాం. ఎంత గొప్ప మైదానమైనా దారిన పోయేవారి తలతో ఆడకూడదు.

ఇక నాలుగో ప్రశ్న. ఆఖరి మూడు హోల్స్‌కు ఏ డిస్కులు తెచ్చుకోవాలి అన్నావు.

కిందటిసారి సెలవుకు వచ్చినప్పుడు ఆ మూడూ ఆడావు. నీళ్ళ ట్యాంకు ఉన్న కొండను చుట్టివచ్చే దారి అది. నీ డిస్కు లేచి, దూరాన నెమ్మదించి, కుడికి ఒరిగి, కొండ అంచును రాసుకుంటూ వెళ్ళి బుట్ట పక్కనే దిగింది. నువ్వు నవ్వి, "ఈ కొండ నాకు చుట్టంలా ఉందే" అన్నావు. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఆ మాట నన్ను వదల్లేదు.

ఎడమచేత్తో బ్యాక్‌హ్యాండ్ విసిరితే డిస్కు చివర కుడికి ఒరుగుతుంది, కుడిచేత్తో విసిరితే ఎడమకు. ఫోర్‌హ్యాండ్ అయితే రెండూ తారుమారు. ఇది నేను పుస్తకంలో చదివి తెలుసుకున్నది కాదు. చిన్నప్పటి నుంచి నీ డిస్కులు ఏరి తెచ్చిన కాళ్ళు, నువ్వు చెయ్యి ఊపగానే వాటంతటవే కుడివైపు పొదల్లోకి పరిగెడతాయి. మా కమిటీలో అందరూ కుడిచేతివాటం వాళ్ళే. కొలబద్ద లెక్క తీసి, ఎడమకు తిరిగే హోల్స్ ఎన్నో కుడికి తిరిగేవీ అన్నే ఉన్నాయనీ, మైదానం ఎవరి పక్షమూ కాదనీ చదివాడు. అందరూ తృప్తిగా తలలూపారు. లెక్క నిజమే. కానీ ఎడమకు తిరిగేవన్నీ లైబ్రరీ చుట్టూ ఉన్న పొట్టివి, ఎవరైనా గట్టెక్కేవి. ఆట తేలేది పొడుగువాటి మీద. పొడుగువి నాలుగు. నాలుగూ కుడికే తిరుగుతాయి. కుడిచేతివాళ్ళు ఫోర్‌హ్యాండ్‌తో అలా తిప్పగలరు కానీ, డిస్కు అంత దూరం పోదు. సంఖ్య సమానం, బరువు కాదు.

అమ్మా, ఇది ఆ గదిలో నా ఒక్కదానికే తెలుసు. నోరు మూసుకుని కూర్చుంటే ఎప్పటికీ ఎవరికీ తెలిసేది కాదు. చర్చ ముగించబోతున్న మాస్టారిని ఆపి, నేనే లేచి చెప్పాను.

 ముందు తేరుకున్నది అభ్యంతరమే.

"ఆగాగు. మీ అమ్మగారిది ఎడమచేతి వాటం కదా?"

"అవును."

"ఆవిడ ఈ పోటీలో ఆడుతున్నారు కదా?"

"ఆడుతోంది."

"మరి నువ్వు ఎవరి తరఫున మాట్లాడుతున్నావు తల్లీ?"

"మైదానం తరఫున."

"ఇంట్లోకి రానిస్తారా నిన్ను?"

"అమ్మ రేవులో ఉంటుంది. తాళంచెవి నా దగ్గరే ఉంది."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. నా తల్లి పోటీలో ఉంది కనుక ఓటు వేయనని చెప్పాను. ఓటు వదులుకున్నాను కానీ, నోరు వదులుకోలేదు. ఓట్లు పడేదాకా మాట్లాడుతూనే ఉన్నాను. చివరికి కొండ చుట్టూ ఉన్న మూడింటిలో ఆఖరి రెండింటినీ తిరగేశాం. బుట్ట ఉన్నచోట తిన్నె, తిన్నె ఉన్నచోట బుట్ట. పదహారు అయ్యాక ట్యాంకు మెట్లెక్కి అవతలికి దిగాలి, నడక కొంచెం పెరిగింది. చెట్టుకు హాని లేదు. ఇప్పుడు పొడుగువాటిలో రెండు కుడికి, రెండు ఎడమకు. కప్పు తేల్చే పద్దెనిమిదోది ఎడమకు తిరుగుతుంది. అమ్మా, నీ చుట్టాన్ని నీకు దూరం చేసింది నేను.

నాన్నకు చెప్పాను. ఒకరి అద్దం అరగదీస్తూ చివరిదాకా విన్నాడు.

"నువ్వన్నది న్యాయమేనే," అన్నాడు. "రాత్రికి ఆ న్యాయమే వండు, తిందాం. మీ అమ్మ వచ్చాక ఆవిడకూ అదే వడ్డిద్దాం."

"కోప్పడుతున్నావా?"

"నేనెందుకు కోప్పడతాను. ఆ డిపార్టుమెంటు మీ అమ్మది."

సమావేశం మర్నాడు ఒక్కదాన్నే కొండ దగ్గరికి వెళ్ళాను. పాత తిన్నెను తవ్వి తీసేశారు, తడి మట్టి ఉంది. గెలిచిన వాదన తర్వాత నాకు ఎప్పుడూ ఆకలి వేస్తుంది, ఆ రోజు వేయలేదు. అలాగని వాదనను వెనక్కి తీసుకోను. ఎందుకో విను. పాత మైదానంలో నువ్వు గెలిస్తే, అందరూ చప్పట్లు కొట్టేవారు, నేనూ కొట్టేదాన్ని. కానీ ఆ కప్పులో సగం కొండదని నాకు తెలిసి ఉండేది. నీ గెలుపులో ఇంకొకరికి వాటా ఉండటం నాకిష్టం లేదు, ఆ కొండకైనా సరే.

ఇంకో మాట కూడా అనేస్తాను, ఎలాగూ తిట్లు తప్పవు కాబట్టి. రెండుసార్లు ఎక్కడ ఓడావు? ఎడమకు తిరిగే చోట. రెండుసార్లూ ఫోర్‌హ్యాండ్ విసరాల్సిన చోట మొండిగా బ్యాక్‌హ్యాండే విసిరి, డిస్కును చెట్ల పాలు చేశావు. 'ఫోర్‌హ్యాండ్ నా చెయ్యి కాదు, అరువు చెయ్యి' అంటావు. నువ్వు విసరలేక కాదు, విసరవు. దారికి అడ్డొచ్చిన కుక్కను బెదిరించాలని ఒళ్ళు వెనక్కి తిప్పకుండానే నువ్వు విసిరిన డిస్కు, కాంపౌండు గోడ మూల తిరిగిపోవడం నేను చూశాను. అది ఫోర్‌హ్యాండే. కుక్క తప్ప సాక్షులు లేరనుకున్నావు.

కాబట్టి డిస్కులు నీకు నచ్చినవే తెచ్చుకో. రోజూ షిఫ్టు దిగాక గోదాముల వెనుక ఖాళీ జాగాలో ఆ అరువు చేత్తో విసురు. మూడు వారాల వ్యవధి ఉంది. మైదానం పటం రేపు ఉదయం ఆటగాళ్ళందరికీ ఒకేసారి వెళుతుంది. అది వెళ్ళాకే ఈ కవరు పోస్టు డబ్బాలో వేస్తాను. అందరికంటే ఒక్క పూట ముందు నీకు తెలిసినా, నేను అక్కడ నిలబడి చెప్పినదంతా అబద్ధమవుతుంది. పోయిన వారం ఫోనులో నువ్వు ఆఖరి హోల్స్ ఊసెత్తగానే మాట వినబడటం లేదన్నానే, బాగానే వినబడింది.

కోపం వస్తే రాయి. పాయింటు పాయింటుకూ జవాబిస్తాను, ఒక్కటీ వదలను. కానీ పోటీకి రాకుండా మాత్రం ఉండకు. హద్దు గీతల దగ్గర నిలబడే పర్యవేక్షకుల్లో నా పేరు కూడా వేశారు. కూతురు తల్లి డిస్కుకు తీర్పు చెప్పకూడదని ఆ పేరు కొట్టేయించుకున్నాను. దానివల్ల ఒక లాభం ఉంది. పర్యవేక్షకులు ఎవరి పక్షమూ వహించకూడదు, అరవకూడదు. నువ్వు పద్దెనిమిదో తిన్నె ఎక్కే వేళకు నాకు ఏ పదవీ ఉండదు, ఏ నిబంధనా వర్తించదు. కొండ ఎవరి పక్షమూ కాదు. నేను మాత్రం నీ పక్షమే, గొంతు పోయేదాకా.

ఇట్లు,
నీ ఆఖరి హోల్‌ను తిరగేసిన
నీ కూతురు