బొజ్జే ఆరోగ్యమనుకున్నాం

సాంతా ఫే,
ఆదివారం, చర్చి నుంచి వచ్చాక

ప్రియమైన సెలెస్తీనోకి,

ఇక్కడ మీ అమ్మ, నేను, ఇంటి మీది కొత్త రేకులు అందరం క్షేమం. రొయ్యల పడవ మీద నీ నడుము, నీ చేతులు కూడా అంతే క్షేమంగా ఉండాలని రోజూ దేవుణ్ణి అడుగుతున్నాను. నీ ఉత్తరం సరుకుల పడవవాళ్ళు తెచ్చి ఇచ్చారు. అత్తయ్య దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, "వీడు బాగానే ఉన్నాడు, స్నానమే చెయ్యట్లేదు" అంది.

నువ్వడిగిన వాటికి జవాబులు. పెద్ద వాన పడింది, రేకులు కారలేదు. కర్రపెండలం తవ్వేశాం. ఆ దుంపతో ఎరెబా రొట్టెలు మన పెరట్లోనే కాల్చారు. దుంప తురుముతూ తోమాసా పిన్ని పాట తప్పుగా పాడిందని అత్తయ్య తగువు పెట్టుకుంది. నేను సరిగా తింటున్నానా అని అడిగావు. తింటున్నాను. గౌను బిగువయింది.

ఈసారి వేయించిన పంది తోలు డబ్బా ఎందుకు రాలేదని కూడా అడిగావు. దానికి జవాబు పొడుగు. ఫోన్‌లో చెబితే పక్కన పడవ మొత్తం వింటుంది. అందుకే రాస్తున్నాను.

రేవులో నువ్వు వెళ్ళేటప్పుడు ఒక మాట అన్నావు. "ఆసుపత్రి నుంచి ఇంకో చెడ్డ మాట వస్తే నాకు చెప్పకు ఒర్ఫీ. ఒక మాత్ర మింగుతున్నాను, ఇంకోటి మింగను" అన్నావు. నేను తలూపాను. నీ ఎదురుగా నాకు తలూపడం తప్ప ఇంకేం చేతకాదు. నువ్వు వెళ్ళాక ఫలితం వచ్చింది. ముందు మంచి మాట విను. నీ రక్తంలో హెచ్‌.ఐ.వి. వైరస్ వెతికినా కనపడనంత అణిగిపోయింది. నన్నూ పరీక్ష చేశారు. నాకు సోకలేదు. నీ మాత్ర నన్ను కూడా కాపాడుతోందని డాక్టరమ్మ అంది.

రెండోది, నీ కొలెస్ట్రాల్ చాలా ఎక్కువగా ఉంది. ఇలాగే వదిలేస్తే గుండెకి ముప్పట.

అత్తయ్యకి ఈ మాట చెప్పేటప్పటికి ఆవిడ కొబ్బరి నూనె కాస్తోంది. గరిటె ఆపలేదు.

"గుండెకేమొచ్చిందే? వాడి బొజ్జ చూశావా? అది నేను పెంచిన బొజ్జ. అదున్నన్నాళ్ళూ ఈ ఊళ్ళో ఒక్కతె కూడా నా కొడుకు పేరెత్తదు."

"డాక్టరమ్మ కొవ్వు తగ్గించమంది అత్తయ్యా."

"ఆవిడే ఓ కర్రపుల్ల, ఆవిడకేం తెలుసు? పెద్దోణ్ణి, మార్సియాల్‌ని నువ్వు చూళ్ళేదు. బెల్టుకి బెజ్జాల మీద బెజ్జాలు పొడిచాడు, ఆఖరికి తాడు కట్టుకున్నాడు. వాడు చిక్కుతుంటే జనం వీధికి అటుపక్కకి దాటిపోయేవాళ్ళు. చిన్నోణ్ణి కూడా అలా చూడమంటావా?"

అప్పుడు నాకర్థమైంది. ఆ వేపుళ్ళు, అంత చిక్కటి కొబ్బరిపాలు, నీకు మూడోసారి వడ్డించడం, ఇవన్నీ ఇదే జబ్బుతో మీ అన్నయ్యకి జరిగింది నీకు జరగకుండా ఆవిడ కట్టుకున్న గోడ. అయినా నోరు ఊరుకోలేదు.

"మామయ్య చిక్కిపోయి చనిపోయారా అత్తయ్యా?"

మామయ్యకి ఎంత బొజ్జ ఉండేదో, వల లాగుతూ ఎలా కూలిపోయారో ఊరంతటికీ తెలుసు. అత్తయ్య గరిటె ఆగిపోయింది. నూనె మాడింది. గిన్నె దించేసి, "గౌను మార్చుకుని రా. ఆ కర్రపుల్లనే అడుగుతాను" అంది.

ట్రుహియోలో మనవాళ్ళు ఆసుపత్రికి బజారు పక్క సందులోంచి వెళ్తారు కదా, గుడ్డలు కొనడానికి వచ్చినట్టు. అత్తయ్య ముందు గుమ్మంలోంచే వెళ్ళింది. నేను ఆవిడ వెనక దాక్కున్నాను.

"ఏమ్మా, నా కొడుకు బొజ్జలో ఏం కనిపెట్టావు?"

డాక్టరమ్మ నవ్వింది. "బొజ్జలో కాదు పెద్దమ్మా, రక్తంలో. వైరస్ అణిగిపోయినా రక్తనాళాల గోడల్ని సన్నసెగ మీద ఉంచుతుంది. అలా వేడెక్కిన చోట కొవ్వు తొందరగా అంటుకుంటుంది. అందుకే వీళ్ళకి గుండెజబ్బు మామూలు వాళ్ళకన్నా ముందే వస్తుంది."

"అయితే తిండి తగ్గిస్తా. మాత్రెందుకు?"

"కొలెస్ట్రాల్ కంచంలోంచి వచ్చేది కొంతే. ఎక్కువ భాగం కాలేయమే తయారుచేస్తుంది."

"అంటే లోపల కూడా నాలాంటిదొకతె కూర్చుని నూనె కాస్తోందన్నమాట!"

"అదే. ఆవిడ పొయ్యి తగ్గించడానికే ఈ మాత్ర. పాత మాత్రతో పడేదే చూసి ఇస్తున్నాను. సిగరెట్లు మాత్రం మానమనండి."

"మరి వాడు చిక్కిపోతే?"

"జబ్బుతో చిక్కడం వేరు, బొజ్జ కరగడం వేరు పెద్దమ్మా. వల లాగేటప్పుడు అతనికే తెలుస్తుంది. ఏదీ, మీ చెయ్యి ఇలా ఇవ్వండి. మీ రక్తం ఎప్పుడైనా చూపించారా?"

"నాకేం? నేను గుండ్రాయిలా ఉన్నాను" అంటూనే చెయ్యి చాపింది.

ఇంక దాచలేను సెలెస్తీనో. ఉత్తరం మొదలుపెట్టినప్పటి నుంచి ఈ మాటే నోట్లో ఉంది. మీ అమ్మ కొలెస్ట్రాల్ నీకన్నా ఎక్కువ. నువ్వు కంగారు పడతావని చివరిదాకా ఆపాను. ఇప్పుడు ఆవిడ కూడా అదే మాత్ర వేసుకుంటోంది. మొదటిరోజు తిట్టుకుంటూ మింగింది. ఇప్పుడు వాకిట్లో కూర్చుని, దారిన పోయేవాళ్ళని పిలిచి మరీ మింగుతోంది. తోమాసా పిన్ని, "నేనూ అదే వేసుకుంటున్నా కదే, ఎప్పట్నుంచో!" అంది. చర్చి పాస్టరు గారూ వేసుకుంటారట. అరటికాయ ముద్దలోకి హుదుతు పులుసు ఇంకా వండుతున్నాం, కొబ్బరిపాలు పల్చన చేసి, చేప ఎక్కువ వేసి. "నీళ్ళలా ఉంది" అని అత్తయ్య రోజూ సణుగుతుంది, గిన్నె ఖాళీ చేస్తుంది.

రేవులో తలూపిన మాట నేను నిలబెట్టుకోలేదు. నీ మాత్రలు ఈ ఉత్తరంతో పంపే సంచిలోనే పెట్టాను. కోపం వస్తే ఇంటికొచ్చాక తిట్టు, వింటాను. కానీ మింగు.

ఒక్కటి ఆలోచించు. మొదటి మాత్ర వేసుకోవాలంటే నువ్వు వలల వెనక్కి పోతావు. పేరు చింపేసిన సీసాలో దాచుకుంటావు. నాతో ఎప్పుడూ అనలేదు గాని ఆ దాచడమే నిన్ను ఎక్కువ నలగ్గొట్టిందని నాకు తెలుసు. ఈ రెండోది దాచక్కర్లేదు. భోజనం దగ్గర, అందరూ చూస్తుండగా నోట్లో వేసుకో. ఏంటదని అడిగితే కొలెస్ట్రాల్‌కి అని చెప్పు. పగలబడి నవ్వుతారు. అప్పుడే ముసలాడివయిపోయావా అంటారు.

అననీ. నిన్ను ఆ మాట అననీ.

ఇట్లు,
నీ పక్కనే ముసలిదాన్ని కావాలనుకునే
నీ భార్య
ఒర్ఫీలియా