ఎవరూ పోయని పాలు

జూన్ 9, సోమవారం
నిన్న సాయంత్రం మదనపల్లె ఆఫీసులో కరెంటు పనులు. పాల లెక్కలు చూసే వర్చువల్ మెషిన్‌ను, అంటే సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే కంప్యూటర్‌ను, ఆపకుండానే కుప్పం సర్వర్‌కు మార్చాను. సాఫీగా వెళ్ళింది — అనుకున్నాను.

ఉదయమే ఫిర్యాదు. పుంగనూరు కేంద్రంలో రెడ్డెప్ప నీళ్ళపాలకు నిన్న సాయంత్రం మంచి వెన్న శాతం పడింది. పాలు పరీక్షించే మస్తాన్ అతని స్నేహితుడు.

మేనేజర్: "వాని సంగతి నాకు తెల్దా? శనివారం మీటింగులో తేల్చేస్తా. ఆమీట వాడు ఇంటికే."

నాకూ మస్తాన్ మీదే అనుమానం.

10, మంగళవారం
రెడ్డెప్ప శాతం, అతనికి ముందు పోసిన మునెమ్మ శాతం ఒకటే. చివరి అంకె దాకా.
మోసం చేసేవాడు ఇంత బద్ధకంగా చేస్తాడా?

11, బుధవారం
ఆ మెషిన్‌కు ఉన్నది ఉత్తుత్తి సీరియల్ పోర్టు — కేంద్రంలో పాల పరీక్ష రీడింగులు లోపలికి వచ్చే దారి. మార్చేటప్పుడు దాని స్థితిని ఇక్కడ మూటకట్టి అక్కడ విప్పుతాము. మునెమ్మ రీడింగ్‌ను మెషిన్ అప్పటికే చదివేసింది. విప్పాక అది మళ్ళీ కొత్తదైందా... రెడ్డెప్ప పేరు కింద పడిందా...

సుధాకర్ సార్‌ను అడిగాను.
"సాఫ్ట్‌వేర్‌కు స్నేహితులుంటారా తల్లీ? మస్తానుకుండారు."
ఆ ఏర్పాటంతా చేసింది ఆయనే. నవ్వు మరీ త్వరగా వచ్చింది.

12, గురువారం
మధ్యాహ్నం, కేంద్రం ఖాళీగా ఉన్నప్పుడు, మెషిన్‌ను తిరిగి మదనపల్లెకు మార్చాను. ఎవరికీ చెప్పలేదు, మస్తాన్‌కు తప్ప. నిమిషంలో అతని ఫోన్.

"అమ్మా! ఈడ ఎవురూ పాలు పోయలే. శాతం వచ్చిండాది! దెయ్యమా ఏంది?"
"పొద్దున చివర పోసినవాళ్ళదేనా?"
"అదే! అదే!"

ఎన్నాళ్ళకో ఆకలి వేసింది.

13, శుక్రవారం
రేపు నేనే చెప్పాలి. కాన్వెంట్‌లో సిస్టర్ ముందు పాఠం అప్పజెప్పినట్టు, అద్దం ముందు రెండుసార్లు చెప్పుకున్నాను.

ఊరుకోవాల్సింది. పాత రీడింగులు తిరగేశాను. మే నెలలో ఒక ఉదయం — రెడ్డెప్ప శాతం మళ్ళీ మునెమ్మ శాతం పక్కనే. చివరి అంకె మాత్రం తేడా. మెషిన్ పాత రీడింగ్‌నే మళ్ళీ పంపితే తేడా రాదు. ఆమె పాలనే రెడ్డెప్ప పేరు మీద ఇంకోసారి పరీక్షిస్తే వస్తుంది. ఆ రోజు మెషిన్ ఎక్కడికీ కదలలేదు.

మస్తాన్‌ను అడిగాను.
"అంతా మిషన్ మింద ఏసేయమ్మా. నీకేం పోతాది?"

ఆదివారం తప్పు అతనిది కాదు. అది నిజం. రేపు అడిగేదీ ఆదివారం గురించే.
చెప్పి కూర్చుంటాను.
మేనేజర్ "ఇంకేమన్నా ఉండాదా?" అని అడిగితే...