మందారాన్ని మోకాలెత్తుకు కొట్టేశాను

ఆదివారం రాత్రి, మిర్యాలగూడ

నా భార్య సరళ నాటిన మందారానికి పిండినల్లి కొమ్మకొమ్మకూ పాకింది. వేపనూనె పనిచేయలేదు. ఈరోజు మోకాలెత్తు ఉంచి మిగతాదంతా కొట్టేశాను.

పక్కింటి యాదమ్మ గోడ మీంచి చూసి నోరు నొక్కుకుంది. "అయ్యో సార్, మోడు చేసిండ్రు! ఇగ నా నెత్తికి రుద్దుకునే ఆకు ఏడ దొరుకుతది?"

"మీ జుట్టు కంటే జల్దీ ఇదే పెరుగుతదమ్మా."

నవ్వుకుంటూ లోపలికి పోయింది. నేను మాటవరసకు అనలేదు. గోటితో గీరి చూశాను, బెరడు కింద పచ్చగానే ఉంది. బతుకుతుంది.

కానీ కొమ్మలతో పాటు మొగ్గలన్నీ పోయాయి. సరళ చనిపోయాక ఆమె ఫోటో దగ్గర పువ్వు లేకపోవడం రేపే మొదటిసారి. బజారు నుంచి తెచ్చి పెట్టను. ఇది చిగురేసి పూసేదాకా ఆగు, సరళా.