కోట తలుపు దగ్గర నా నోట వచ్చిన మాట

ఆదివారం, రాత్రి

ఈ రోజు ఆటలో మా ఆయనను అందరి ముందు "ఒరేయ్" అన్నాను.

మరిది హైదరాబాద్ నుంచి తెచ్చిన ఆట అది. పాచికలు వేసి, తలా ఒక వీరుడిలా మాట్లాడాలి. నా వీరుడికి బలం బాగా పడింది. మనుషులను ఆకట్టుకునే గుణం మాత్రం అట్టడుగున పడింది.

"గీ వీరునికి మర్యాద తెల్వది వదినా. నీ లెక్క మెల్లగ మాట్లాడితే ఆట చెడిపోతది" అన్నాడు మరిది.

ఆటలో ఆయన కోట కావలివాడు. "ఎవడివి నువ్వు? పో, పో!" అని గదమాయించారు.

"ఒరేయ్, తలుపు తీస్తవా, నిన్నే తీసి అవతల పడెయ్యాల్నా?" అన్నాను.

బీడీలు చుడుతున్న అత్తమ్మ చేయి ఆగిపోయింది. మరిది నవ్వు ఆపుకోలేక పక్కకు ఒరిగాడు. ఆయన మాత్రం నవ్వలేదు. "తీస్తున్న దొరా" అని మెల్లగా అన్నారు.

పడుకునే ముందు అడిగారు, "గది ఆటల మాటేనా?"

"ఆటదే" అన్నాను. ఆయన అటు తిరిగి పడుకున్నారు.

పెళ్లయి బాన్సువాడ వచ్చిన నాటి నుంచి, ప్రతి మాటా లోపల ఒకసారి అనుకున్నాకే ఆయనతో అన్నాను. ఇది మాత్రం అనుకోకుండానే వచ్చింది. అంత కోపం నాలో ఎక్కడ ఉండిందో...

రేపు చాయ్ ఇస్తూ ఎప్పటిలాగే మెల్లగా "ఇగో" అని పిలిస్తే, ఆయన ఆ గొంతును నమ్ముతారా?